ఎస్టిమేట్ కాగితంలో లేని ఖర్చు: క్యాన్సర్ రోగికి మన సాయం ఎక్కడ అందాలి?

రమజాన్ నెలలో మా సొసైటీకి వచ్చే వైద్య సహాయ దరఖాస్తుల్లో క్యాన్సర్ కేసులు తప్పకుండా ఉంటాయి. దరఖాస్తుకు ఆసుపత్రి ఎస్టిమేట్ జతచేసి ఉంటుంది. కమిటీ కూర్చుంటుంది, దాతలకు ఫోన్లు చేస్తాం, పోగైనంత చెక్కు రాసి ఇస్తాం. అంతటితో బాధ్యత తీరిందని చాలా ఏళ్లు అనుకున్నాం. అది పొరపాటని ఒక కేసు మాకు నేర్పింది. డబ్బు మీది కాబట్టి ఆ సంగతి మీకు చెప్పాలి.

ఆమె ఇళ్లలో పనిచేసుకుని బతికే మనిషి. వయసు నలభై దాటింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. పరీక్షలకు, స్కానింగ్‌కు మేమే సాయం చేశాం. రేడియేషన్ ఆరోగ్యశ్రీ కింద ఉచితమన్నారు. ఇక భయం లేదనుకున్నాం. మూడో వారంలో ఆమె చికిత్స మానేసి ఇంటికి వచ్చేసింది. హైదరాబాద్‌లో తలదాచుకోవడానికి చోటు లేదు. తోడు వెళ్లిన కొడుకు కూలి పోయి ఇల్లు గడవడం లేదు. బస్సు చార్జీ, గది అద్దె ఎస్టిమేట్ కాగితంలో ఉండవు. ఆమె నోరు తెరిచి అడగలేదు, మేమూ అడగలేదు. మాకు తెలిసేసరికి నెల దాటింది. మరుసటి ఏడాది ఆమె కన్నుమూశారు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక.

చికిత్స మధ్యలో ఎందుకు ఆగకూడదు?

ఈ క్యాన్సర్‌కు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాల పాటు రేడియేషన్ ఇస్తారు. వారానికోసారి కీమో ఎక్కిస్తారు. ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ ఉంటుంది. ఇదంతా ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలి. ప్రతి విడతలో కొన్ని క్యాన్సర్ కణాలు చస్తాయి. మధ్యలో విరామం వస్తే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. తప్పిపోయిన వారాలను తర్వాత ఎన్ని లక్షలు పోసినా పూర్తిగా తిరిగి తేలేం. అందుకే మూడో వారంలో గది అద్దెకు ఇచ్చే మూడు వేలు కూడా మందుతో సమానమే.

పథకం ఉంది, కాగితాలు లేవు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. ఆంధ్రప్రదేశ్ వారికి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అంటే పేదవాడికి చాలాసార్లు అడ్డుపడేది ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు. మన ఇళ్లలో ఒకే మనిషి ఆధార్‌లో 'బేగం', రేషన్ కార్డులో 'బీ' అయి ఉంటుంది. 'షేక్' ఒకచోట ముందుంటుంది, మరోచోట వెనక ఉంటుంది. ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికి మీసేవ చుట్టూ తిరిగే రోజుల్లో జబ్బు ఆగదు. పథకంలో చేరేలోపు బయట చేయించే పరీక్షలకు అప్పు చేయాల్సి వస్తుంది.

ముందుగా పట్టుకుంటే

నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఈ మూడు క్యాన్సర్లకు 30 ఏళ్లు దాటినవారికి పరీక్షలు చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వీటికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం చేసింది. పదో తరగతి చదివిన స్త్రీలకు నాలుగు వారాల శిక్షణ ఇచ్చి, పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లంతో పరీక్ష చేయించారు. పరీక్షలు జరిగిన ప్రాంతాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

మన స్త్రీలు సిగ్గుతో దాచుకునే లక్షణాలే ఇక్కడ ముఖ్యం. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, నెలసరి కాని రోజుల్లో రక్తస్రావం, రొమ్ములో నొప్పి లేని గడ్డ. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ప్రమాదం. మగవాళ్లయితే జర్దా, గుట్కా అలవాటున్న చోట నోట్లో తెల్లమచ్చ, మూడు వారాలైనా మానని పుండు, నోరు సరిగా తెరుచుకోకపోవడం గమనించాలి. శిబిరంలో లేడీ డాక్టర్, పరదా ఉన్న గది ఏర్పాటు చేస్తే స్త్రీలు వస్తారు. ఇది మేము చూసిన విషయం.

నయం కాని దశలో

కొందరికి జబ్బు నయం కాదు. అప్పుడు కూడా చేయాల్సింది చాలా ఉంటుంది. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి, ఖరీదూ తక్కువే. మార్ఫిన్ వంటి మందులు రోగులకు సులువుగా అందేలా 2014లో చట్టాన్ని సవరించారు. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో నొప్పి నివారణకు పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. అయినా అలవాటు పడిపోతారన్న భయంతో కొందరు ఈ మందు వద్దంటారు. మరికొందరు నొప్పిని ఓర్చుకోవడమే సబ్ర్ అనుకుంటారు. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే భయపడాల్సిన పని లేదు. నొప్పికి మందు వేసుకున్నంత మాత్రాన సబ్ర్ తగ్గిపోదు.

దాతలకు మా మనవి

ఈ ఏడాది నుంచి మా పద్ధతి మార్చుకున్నాం. ప్రతి క్యాన్సర్ కేసుకు ఒక సభ్యుడిని బాధ్యుడిగా పెడుతున్నాం. చికిత్స తేదీలు ఆయన దగ్గర రాసి ఉంటాయి. ప్రతి శుక్రవారం జుమా తర్వాత రోగి ఇంటికి ఫోన్ చేస్తారు. బస్సు చార్జీ, బస, తోడు వచ్చినవారి భోజనం కోసం విడిగా నిధి ఉంచాం. కాగితాలు సరిచేయించడానికి ఒక యువకుడిని నియమించాం. జకాత్ సొమ్మును అర్హులైన రోగులకే, విడి లెక్కతో ఖర్చు చేస్తున్నాం. శిబిరాలకు లిల్లాహ్, సదఖా నిధులు మాత్రమే వాడతాం.

"ఫలానా ఆపరేషన్‌కే" అని రాసి ఇచ్చే దాతలు మాకు ఎక్కువ. వారి నియ్యత్ మంచిది. ఇకముందు అందులో కొంత భాగాన్ని ఏ షరతూ లేకుండా, చార్జీలకూ గదికీ పరీక్షలకూ వాడుకోమని ఇవ్వాలని కోరుతున్నాం.

ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడాది ఈ సంచికలో సాయం పొందిన క్యాన్సర్ రోగుల సంఖ్యతో పాటు, చికిత్స పూర్తిచేసినవారి సంఖ్యను కూడా ముద్రిస్తాం. ఆ రెండో అంకె తక్కువగా ఉంటే మమ్మల్ని నిలదీసి అడగండి.