శుద్ధ మాంసకృత్తు: పరిశోధనాలయపు సాక్షి

మాంసకృత్తు లనగానే మనకు పప్పులు, పాలు మున్నగు ఆహారపదార్థములు స్ఫురించును. కాని మన దేహమున జరుగు కార్యములలో పెక్కింటిని నెరవేర్చునవియు మాంసకృత్తులే. రక్తమున ప్రాణవాయువును మోయునది యొకటి. చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిను మఱియొకటి. వీనిలో నొకదాని స్వభావము నెఱుగగోరు శాస్త్రజ్ఞుడు తక్కినవానినుండి దానిని వేఱుపఱచి, శుద్ధముగా చేతికి దెచ్చుకొనవలెను. అట్టి మానవ మాంసకృత్తును సంపాదించు విధానమును, దాని శుద్ధియొక్క ఆవశ్యకతను నేడు మనవి చేసెదను.

ఆబిడ్సు కాలిబాటలపై ఆదివారమునాడు పాతపుస్తకములు అమ్ముదురు గదా! వేయిపుటల గ్రంథమున మనకు గావలసినది యొక్క పుటయే యైనచో, దానికి నకలు వ్రాసి అచ్చుకూటమున కిచ్చిన చాలును. యంత్రమునకు అర్థముతో పనిలేదు. వేలకొలది ప్రతులు తీసి యిచ్చును. శాస్త్రజ్ఞులు చేయునదియు నిట్టిదే. డీఎన్ఏ యను మహాగ్రంథమునుండి ఒక్క మాంసకృత్తునకు సంబంధించిన జన్యువును నకలు తీసి, ఈ.కోలై యను సూక్ష్మజీవిలోనో, ఈస్టులోనో ప్రవేశపెట్టుదురు. ఆ జీవి పెరుగుచు మానవ మాంసకృత్తును నిర్మించును. 1978లో మానవ ఇన్సులిను నిట్లే ఈ.కోలైలో పుట్టించిరి, 1982లో అది అమెరికాలో ఔషధముగా అనుమతి పొందినది. అంతకు పూర్వము పశువుల, పందుల క్లోమములనుండి ఇన్సులిను తీసెడివారు. హైదరాబాదున శాంతా బయోటెక్నిక్సు సంస్థ 1997లో వెలువరించిన హెపటైటిస్-బి టీకాయు ఈ విద్యాఫలమే. అందలి మాంసకృత్తు మాత్రము మానవునిది గాక వైరసునకు చెందినది.

ఆబిడ్సునకు చేరువనే నాంపల్లి గలదు. అచ్చటి గృహకల్ప ప్రాంగణమున 2010 తరువాతి యేండ్లలో సీడీఎఫ్‌డీ యను డీఎన్ఏ పరిశోధనాకేంద్రము పనిచేసినది. పిమ్మట ఉప్పలునకు తరలినది. జీవకణములను శోధించు ఇట్టి ఆలయములకు శుద్ధ మాంసకృత్తులు కావలసిన సామగ్రి. చిన్న సీసాలో మిల్లిగ్రామునందు స్వల్పాంశమే యుండును. దానిని గడ్డకట్టు చలిలో భద్రపఱచుదురు. మాటిమాటికి కరగించి మరల గడ్డకట్టించిన గుణము చెడవచ్చును.

సూక్ష్మజీవి యొక్క వేలకొలది సొంత మాంసకృత్తులనుండి మనదానిని వేఱుచేయుట యెట్లు? హంస పాలను నీటినుండి వేఱుపఱచునని కవిసమయము. ఇచట హంసపని నికెలు లోహము చేయును. నకలులోనే మాంసకృత్తు చివర హిస్టిడిను అను ఆరు అణువుల తోకను చేర్చుదురు. రసమును నికెలు పూసలగుండ పోయగా, తోకగలది అంటుకొనును. తక్కినవి చాలవఱకు జాఱిపోవును.

అయినను ఒక సూక్ష్మము గలదు. ఈ.కోలై యొక్క పైపొరనుండి వెడలు విషపదార్థము, అంతర్విషము, మాంసకృత్తు కాదు. కావున మాంసకృత్తుల శుద్ధిని చూపు సామాన్యపరీక్షలో అది కనబడదు. సీసాపై నూటికి తొంబదియైదు పాళ్లు శుద్ధమని యున్నను, విషలేశము దాగియుండవచ్చును. హెచ్‌ఎస్‌పీ-70 అను మానవ మాంసకృత్తు రోగనిరోధక కణములను రెచ్చగొట్టునని పలువురు నమ్మిరి. 2003లో గావ్, త్సాన్ అను పరిశోధకులు ఆ మాంసకృత్తునే అంతర్విషము అత్యల్పముగా నుండునట్లు గ్రహించి ప్రయోగింపగా, ఎలుక కణములు రెచ్చిపోలేదు. తొలి ప్రయోగములలోని కార్యమునకు కారణము విషమేగాని, మాంసకృత్తు కాదని తేలెను.

న్యాయసభలో సాక్షి మాటకు వేఱొకని మాట కలసినచో తీర్పు తలక్రిందులగును. పరిశోధనయందును అంతే. పొరపాటు నమ్మిన శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి తప్పుదారిని నడతురు. వారి మాటపై ఔషధము నాశించు రోగికి నష్టము కలుగును. అందుచేతనే అట్టి సీసాలపై పరిశోధనార్థమే గాని చికిత్సకు గాదని వ్రాయుదురు. ఎంత శుద్ధమని యడుగుటతో ఆగక, దేనినుండి శుద్ధమని గూడ నడుగుట జ్ఞానమునకు తొలిమెట్టు.