పోలియోను తరిమిన వారిలో గుమాస్తాలూ ఉన్నారు

2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాప కాలు చచ్చుబడింది. సహజసిద్ధమైన పోలియో వైరస్‌కు ఈ దేశంలో బలైన చివరి బిడ్డ ఆమె. ఆ తరువాత మూడేళ్ళపాటు మరొక కేసు లేదని నిర్ధారించుకున్న మీదట 2014 మార్చి 27న భారతదేశం సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆనాటి పత్రికలలో మంత్రుల ఫోటోలు, నిపుణుల ఫోటోలు, చుక్కలు వేసిన ఆరోగ్య కార్యకర్తల ఫోటోలు వచ్చాయి. అవి రావలసినవే. అయితే ఆ నిపుణుడి జీపులో పెట్రోలు పోయించినవారు, అతడి ప్రయాణ భత్యం బిల్లు సరిచూసినవారు, హౌరా వంటి చోట్ల నుంచి బయలుదేరిన నమూనాల పెట్టె చేరవలసిన ప్రయోగశాలకు చేరిందో లేదో రాత్రి పొద్దుపోయేదాకా టెలిఫోన్ దగ్గర కూర్చుని వాకబు చేసినవారు ఏ ఫోటోలోనూ కనిపించలేదు. అంతర్జాతీయ సంస్థల పరిభాషలో వారిని ‘పరిపాలనా సహాయక సిబ్బంది’ అంటారు. మన వాడుకలో చెప్పాలంటే గుమాస్తాలు, స్టెనోలు, లెక్కలు చూసేవారు, డ్రైవర్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఢిల్లీలో రెండు కార్యాలయాలున్నాయనే సంగతి చాలామందికి తెలియదు. ఒకటి ఆగ్నేయాసియా ప్రాంతీయ కార్యాలయం. 1948లో సంస్థ ఏర్పడిన మరుసటి ఏడాదే, ప్రాంతీయ కార్యాలయాలన్నిటికన్నా ముందుగా నెలకొన్నది ఇదే. అనేక దేశాల వ్యవహారాలు ఇక్కడినుంచి నడుస్తాయి. రెండవది కేవలం భారతదేశానికి సంబంధించిన దేశీయ కార్యాలయం. ఇది చాలా ఏళ్ళు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కొలువుతీరిన నిర్మాణ్ భవన్‌లోనే, అధికారుల గదులకు కూతవేటు దూరంలో పనిచేసింది. ఇది యాదృచ్ఛికం కాదు. ఈ సంస్థ ఆసుపత్రులు నడపదు, రోగికి సూది వెయ్యదు. ప్రభుత్వానికి సలహా ఇస్తుంది, శిక్షణ ఇప్పిస్తుంది, నిపుణులను పంపుతుంది, నిఘా పెడుతుంది. అంటే దాని చేతినుంచి బయటికి వచ్చే సరుకులో అధికభాగం ఉత్తరాలు, సమావేశాలు, ఒప్పందాలు, ప్రయాణాలు, నివేదికలే. అటువంటి చోట కాగితం పనిని పక్క పనిగా భావించడం పొరపాటే అవుతుంది.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. జిల్లా వైద్యాధికారులకు మూడు రోజుల శిక్షణ తరగతి పెట్టాలని దేశీయ కార్యాలయంలోని ఒక వైద్యుడు తలపెట్టాడనుకుందాం. ఆయన చేసేది పాఠ్యాంశం తయారు చేయడం, వచ్చి పాఠం చెప్పడం. తక్కిన భారమంతా సహాయకుల మీదనే. ముందుగా మంత్రిత్వ శాఖకు దౌత్య మర్యాదలతో కూడిన లేఖ వెళ్ళాలి. ‘సంస్థ తన అభివందనాలు తెలియజేసుకుంటూ...’ అని మొదలై అభివందనాలతోనే ముగిసే ఆ లేఖలో ఎవరి సంతకమూ ఉండదు, పొడి అక్షరాలు, ముద్ర మాత్రమే ఉంటాయి. కొత్తగా చేరిన వారికి ఈ ఫక్కీ వింతగా తోస్తుంది. కానీ ఒక్క మాట అటూ ఇటూ అయినా లేఖ తిరిగి వచ్చిన సందర్భాలు అనుభవజ్ఞులకు తెలుసు. విదేశీ నిపుణుడు వస్తుంటే వీసాకు, భద్రతా అనుమతికి వేర్వేరుగా రాయాలి. హాలుకు, భోజనాలకు కొటేషన్లు తెప్పించి పక్కపక్కన పెట్టి పట్టిక వేయాలి. తక్కువ ధరకు వచ్చినదాన్ని కాదని వేరొకదాన్ని ఎంచుకుంటే అందుకు కారణం ఫైలులో రాయాలి. ప్రయాణ అనుమతి పత్రం సకాలంలో తయారు కాకపోతే టిక్కెట్టు రాదు, టిక్కెట్టు రాకపోతే ఉపన్యాసకుడు రాడు, ఉపన్యాసకుడు రాకపోతే అరవై మంది వైద్యులు ఖాళీ వేదిక వంక చూస్తూ కూర్చోవలసిందే.

ఇంతా అయిన తరువాత అసలు ముడి పడేది లెక్కల దగ్గర. ఇటువంటి కార్యక్రమాలకు సంస్థ తరచు ప్రభుత్వ విభాగాలకే నేరుగా డబ్బు ఇస్తుంది. పని ముగిసిన మూడు నెలల్లోగా ఖర్చుల వివరాలు, నివేదిక పంపాలన్నది నిబంధన. నిబంధన జెనీవాలో రాసినది, ఖర్చు జరిగినది ఏదో ఒక రాష్ట్ర రాజధానిలోని ఆరోగ్య శాఖ కార్యాలయంలో. ఈ రెంటికీ నడుమ వంతెనగా నిలబడేది ఆరేడు ఏళ్ళ అనుభవం ఉన్న ఒక సహాయకుడు లేదా సహాయకురాలు. అవతల సెక్షన్ ఆఫీసరు బదిలీ అయి ఉంటాడు, వోచర్లు ఆడిట్‌కు వెళ్ళి ఉంటాయి, లేదా ఆర్థిక సంవత్సరం మారిపోయి ఉంటుంది. కోప్పడితే పని జరగదు, ఊరుకుంటే అసలే జరగదు. ఈ లెక్కలు ఆలస్యమవుతున్నాయని సంస్థ ఆడిటర్లు పలుమార్లు ఆక్షేపించారు. 2020 నుంచి ఆ సంస్థకు బాహ్య ఆడిటరుగా వ్యవహరిస్తున్నది మన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కావడం గమనార్హం. అంటే ఢిల్లీ గుమాస్తా రాష్ట్ర ప్రభుత్వం నుంచి రాబట్టలేకపోయిన రశీదు, చుట్టూ తిరిగి జెనీవాలో భారతీయ ఆడిటరు బల్లమీదనే ప్రశ్నగా తేలవచ్చునన్నమాట.

సోమవారం నివేదిక

ఈ ఉద్యోగాల విలువ రాజధానిలో కన్న జిల్లాలలోనే తేటతెల్లంగా కనిపిస్తుంది. 1997లో కేంద్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి జాతీయ పోలియో నిఘా పథకాన్ని ఆరంభించాయి. క్రమంగా దేశమంతటా మూడు వందలకు పైగా విభాగాలు వెలిశాయి. ఒక్కొక్క విభాగానికి ఒక నిఘా వైద్యాధికారి, ఒక పరిపాలనా సహాయకుడు, ఒక డ్రైవరు, ఒక వాహనం, ఒక కంప్యూటరు. చూడబోతే కడు చిన్న సంసారం. అయితే వైద్యాధికారి నెలలో అత్యధిక దినాలు పల్లెల్లోనే గడుపుతాడు కనుక కార్యాలయం అంటే నిజానికి ఆ సహాయకుడే.

పదిహేనేళ్ళలోపు పిల్లల్లో ఎవరికైనా కాలో చెయ్యో ఉన్నట్టుండి మెత్తబడి చచ్చుబడితే ఆ సమాచారం విభాగానికి అందాలి. పక్షవాతం వచ్చిన పధ్నాలుగు రోజుల్లోగా, కనీసం ఒక రోజు ఎడంతో, రెండుసార్లు మలం నమూనాలు సేకరించాలి. వాటిని మంచుపలకల మధ్య 8 డిగ్రీల సెంటీగ్రేడు మించకుండా ఉంచి, 72 గంటల్లో ప్రయోగశాలకు చేర్చాలి. పెట్టె ఏ రైల్లో వెళ్ళింది, అవతలి స్టేషనులో ఎవరు అందుకున్నారు, ఆనాడు ఆదివారమైతే ప్రయోగశాలలో తలుపు తీసేదెవరు అన్నవి వైద్యశాస్త్రం చెప్పే విషయాలు కావు. కానీ మంచు కరిగిపోయిన పెట్టెలోని నమూనా వైద్యశాస్త్రానికి ఎందుకూ కొరగాదు.

దీనికన్న చిత్రమైనది ‘శూన్య నివేదిక’. ప్రతి వారం నిర్ణీత ఆసుపత్రులన్నీ తమ వద్దకు పక్షవాతం కేసులు వచ్చాయో లేదో తెలియజేయాలి. ఏమీ రాకపోయినా ‘ఏమీ రాలేదు’ అని రాసి పంపాలి. ఏమీ లేదని చెప్పడానికి కాగితం దేనికని ఆసుపత్రి గుమాస్తాలు మొదట్లో విసుక్కున్నవారే. కానీ మాట్లాడకుండా ఉన్న ఆసుపత్రికీ, కేసులు లేని ఆసుపత్రికీ తేడా తెలియకపోతే నిఘా అన్న మాటకు అర్థమే లేదు. వారం వారం ఆ కాగితాలు లెక్కపెట్టుకుని, రాని చోటికి టెలిఫోన్ చేసి, పైకి పంపినది ఈ సహాయకులే. దేశంలో పోలియో లేదని 2014లో ప్రపంచానికి చాటగలిగామంటే ఆ ‘లేదు’ అన్న మాట కింద వేలాది సోమవారాల శూన్యాలు పేర్చి ఉన్నాయి. పల్స్ పోలియో ఆదివారాలలో దేశవ్యాప్తంగా సుమారు 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు వేసిన రోజులలో పర్యవేక్షకుల నియామకం, వాహనాల అద్దె, దినభత్యాల చెల్లింపు వంటివి దీనికి అదనం.

పోలియోకు ముందు మశూచి కాలంలోనూ ఇదే కథ. 1974లో దేశంలో 1 లక్షా 88 వేల మశూచి కేసులు నమోదయ్యాయి. బీహారు అట్టుడికిపోయింది. ఇంటింటి గాలింపుకు వేలాది మందిని కూలికి పెట్టి, రోగి ఇంటి గుమ్మం దగ్గర కాపలా ఉంచి, వారికి రొక్కం చేతికి అందించవలసి వచ్చింది. కేసు తెలిపినవారికి ఇచ్చే బహుమతి వెయ్యి రూపాయల దాకా పెరిగింది. జీపు రేడియేటరు పగిలితే, కూలి డబ్బు ఒక్క వారం ఆలస్యమైతే గాలింపు ఆగిపోయేది. 1975 మే తరువాత దేశంలో మశూచి కనిపించలేదు. ఆ ఉద్యమంలో పేరు తెచ్చుకున్న అమెరికన్ వైద్యుడు లారీ బ్రిలియంట్ ఢిల్లీ ప్రాంతీయ కార్యాలయంలో మొదట చేరింది పరిపాలనా సహాయకుని హోదాలోనే. ఆయనకు వైద్య పట్టా ఉంది కనుక అక్కడినుంచి పైకి వెళ్ళగలిగాడు. పక్క బల్లల దగ్గరి భారతీయ సహాయకులకు ఆ దారి లేదు.

రెండు రకాల కుర్చీలు

ఐక్యరాజ్య సమితి కుటుంబంలో ఉద్యోగమంటే డాలర్ల జీతమని మన మధ్యతరగతి ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఢిల్లీ చేరిన తెలుగు యువకులూ ఇందుకు మినహాయింపు కారు. సహాయక సిబ్బంది విషయంలో ఇది పూర్తి సత్యం కాదు. వీరిని ‘సాధారణ సేవా’ తరగతిగా వ్యవహరిస్తారు. నియామకం స్థానికం, జీతం రూపాయలలో. ఆ ఊరిలోని మంచి యజమానులు ఇటువంటి పనికి ఎంత ఇస్తున్నారో సర్వే చేసి, అందులో మేలైనదానికి సరితూగేలా జీతం నిర్ణయించాలన్నది దశాబ్దాల నాటి సూత్రం. అర్హతగా అడిగేది చాలావరకు ఉన్నత పాఠశాల విద్య, టైపు, ఇంగ్లీషు, అనుభవం. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఐదేళ్ళు దాటితే సమితి పింఛను నిధి నుంచి పింఛనుకు అర్హత. అన్యాయం జరిగిందనుకుంటే ఇక్కడి లేబర్ కోర్టుకు వెళ్ళడానికి వీలుండదు. 1947 నాటి ప్రత్యేక హక్కుల చట్టం కింద సంస్థకు రక్షణ ఉంది. అందుకు బదులుగా జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిపాలనా ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చు.

ఇది ఒక కుర్చీ. దాని పక్కనే మరొక కుర్చీ ఉంది. అందులో కూర్చున్న వ్యక్తి చేసే పనీ అదే, వచ్చే వేళా అదే, జవాబు చెప్పవలసిన అధికారీ ఆయనే. కాగితం మీద మాత్రం ఆ వ్యక్తి ‘సిబ్బంది’ కాదు. ‘ప్రత్యేక సేవల ఒప్పందం’ వంటి పత్రాల కింద నెలల లెక్కన నియమితుడు. సమితి పింఛను లేదు, పన్ను మినహాయింపు లేదు, ట్రిబ్యునలూ లేదు. పోలియో నిఘా కోసం తీసుకున్నవారిలో అత్యధికులు శాశ్వత సిబ్బంది కారు. తాత్కాలిక పని కనుక తాత్కాలిక నియామకమన్న వాదనలో న్యాయం లేకపోలేదు. వ్యాధి పోతే కార్యాలయం మూతపడవలసిందే కదా! కానీ రెండు దశాబ్దాలు సాగిన పనిని ఏ నిఘంటువు ప్రకారం తాత్కాలికమనాలి? దీర్ఘకాలిక పనులకు ఇటువంటి ఒప్పందాలను వాడుకునే పద్ధతిని ఐక్యరాజ్య సమితి సంయుక్త తనిఖీ విభాగమే 2014లో తప్పుపట్టింది. ఆ తరువాత కూడా పెద్ద మార్పు వచ్చిందనడానికి వీలులేదు.

పని స్వరూపం కూడా మారుతూ వచ్చింది. టైపు మిషను, టెలెక్స్ పోయి కంప్యూటరు వచ్చినప్పుడు స్టెనోలు నేర్చుకుని నిలబడ్డారు. 2008లో మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లో ప్రపంచ కార్యాలయాలన్నిటికీ ఉమ్మడి సేవా కేంద్రం తెరిచారు. జీతాలు, కొనుగోళ్ళు, ప్రయాణాల ఫైళ్ళు అక్కడికి మళ్ళాయి. పొదుపు జరిగి ఉండవచ్చు. అయితే కౌలాలంపూర్‌లోని గుమాస్తాకు రాయ్‌పూర్ ఏ రాష్ట్రంలో ఉందో తెలియవలసిన పని లేదు. తెలిసిన మనిషి ఢిల్లీలో ఉండక తప్పలేదు.

ఇక వర్తమానం. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సంస్థ నుంచి వైదొలగుతున్నట్లు ఉత్తర్వు జారీ చేశారు. అప్పటిదాకా అతి పెద్ద దాత ఆ దేశమే. అదే ఏడాది మే నెలలో జరిగిన ఆరోగ్య మహాసభ 2026-27 సంవత్సరాల బడ్జెట్‌ను, ముందుగా అనుకున్న 530 కోట్ల డాలర్ల నుంచి 420 కోట్లకు కుదించి ఆమోదించింది. సభ్యదేశాల విధిగా చెల్లించే చందాలను 20 శాతం పెంచినా లోటు పూడలేదు. అన్ని స్థాయిలలోను ఉద్యోగాల కోత మొదలయింది. ఇటు భారతదేశంలో పోలియో నిఘా యంత్రాంగాన్ని దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించే ప్రక్రియ 2018 నుంచే నడుస్తోంది. ఆ యంత్రాంగాన్ని ఈలోగా తట్టు, రుబెల్లా టీకాలకు, 2020లో కోవిడ్ పనులకు కూడా వినియోగించుకున్నారు. పథకాన్ని స్వదేశీ ఖజానా భరించాలనడం సబబే. అయితే ప్రభుత్వానికి సంక్రమించేది వైద్యాధికారి పదవి, వాహనం, కంప్యూటరు. ఇరవై ఏళ్ళుగా ఏ ఆసుపత్రిలో ఎవరిని అడిగితే సోమవారం కాగితం వస్తుందో తెలిసిన మనిషికి ప్రభుత్వ కొలువుల జాబితాలో గడి లేదు.

కోత విధించవలసి వచ్చినప్పుడు మొదట కనిపించేది గడువు దగ్గరపడిన ఒప్పందమే. దాన్ని రద్దు చేయనక్కరలేదు, పొడిగించకుండా ఊరుకుంటే చాలు. ట్రిబ్యునలు గొడవ ఉండదు, నష్టపరిహారం ప్రసక్తీ రాదు. పొరుగున ఉన్న పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్‌లలో సహజ పోలియో వైరస్ ఇంకా సజీవంగానే ఉంది. కాబట్టి ఆసుపత్రుల నుంచి వారం వారం శూన్య నివేదికలు వస్తూనే ఉండాలి. రాని వారం టెలిఫోన్ చేసి ఎందుకు రాలేదని అడిగేవారు ఎవరన్నది ఈ ఒప్పందాల గడువు తేదీలే తేలుస్తాయి.