లారీ ఆయిలు తాగితే: పిస్టన్ రింగు కథ

పిస్టన్ రింగు పుట్టింది రైలింజనులో. అంతకుముందు ఆవిరి యంత్రాల్లో పిస్టనుకూ సిలిండరు గోడకూ నడుమ సందును కొవ్వులో నానబెట్టిన నారతో కూరేవారు. వేడికి నార మాడిపోయేది, సందులోంచి ఆవిరి జారిపోయేది. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ 1852లో దానికి బదులుగా ఒకచోట తెగి ఉన్న సన్నని లోహపు రింగును పెట్టాడు. మొదటి నమూనా నిలవలేదు. కచ్చితంగా గుండ్రంగా ఉన్న రింగును కోసి లోపలికి నొక్కితే అది గోడను అంతటా ఒకేలా ఒత్తదు, అందుకే ఓ పక్క ఎక్కువ అరిగేది. బయట కొంచెం వంకరగా ఉండి, సిలిండరులో ఇరుక్కున్నాకే గుండ్రమయ్యే రింగును రూపొందించి ఆయన 1855లో పేటెంటు పొందాడు. నేటి లారీ రింగు కూడా ఆ సూత్రం మీదే పనిచేస్తోంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు ఈ రింగుతో పాత పరిచయమే. కలకత్తా నుంచి వాల్తేరు దాకా పట్టాలు పరచుకున్న బెంగాల్ నాగపూర్ రైల్వేకు పెద్ద వర్క్‌షాపు ఇక్కడే ఉండేది. ఆ కొలువుల కోసమే ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగు కుటుంబాలు ఈ ఊరికి తరలివచ్చాయి. ఊళ్ళో లారీల దారి ఇందా వైపు. ఒరిస్సా ట్రంక్ రోడ్డు ఇందా మీదుగానే పోతుంది. దగ్గర్లోని చౌరంగి కూడలి దాటాక 49వ నంబరు జాతీయ రహదారి బిలాస్‌పూర్ వైపు, 16వ నంబరు రహదారి బాలేశ్వర్, విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వైపు సాగుతాయి. చుట్టూ ఎర్ర మొరం నేల. ఎయిర్ ఫిల్టరు సరిగా బిగియని ఇంజనుకు ఆ దుమ్ము ఎంత చేటో ముందు ముందు తెలుస్తుంది.

డీజిలు ఇంజనులో రింగుకు ఆవిరి యంత్రంలో లేని పనులు రెండు వచ్చిపడ్డాయి. పిస్టను వేడిని గోడకు అందించడం ఒకటి, గోడ మీది ఆయిలును గీసి కిందికి దింపడం రెండోది. దేశమంతా తిరిగిన టాటా 697 ఇంజనును తీసుకుంటే, అందులో ఆరు సిలిండర్లు, ఒక్కో బోరు 97 మిల్లీమీటర్లు. పిస్టను పైభాగంలోని కంప్రెషన్ రింగులు మండిన వాయువును ఆపుతాయి. కిందనుండే ఆయిలు రింగు గోడ మీద పల్చటి పొర మాత్రం మిగిల్చి, తక్కినదాన్ని గాడిలోని రంధ్రాల గుండా అడుగునున్న ఆయిలు చాంబరుకు పంపుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఇంజను కూడా కొద్దో గొప్పో ఆయిలు కాలుస్తుంది. ఎంత కాలుస్తోందన్నదే ప్రశ్న.

అది తెలియాలంటే ముందు కొలత ఉండాలి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపిన పావుగంటకు గేజి చూసి, ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పోశారో రాసిపెట్టుకోవాలి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీ వెయ్యి కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిలు తాగుతుంది. అదే దూరానికి రెండున్నర లీటర్ల ఆయిలు పోస్తే అది డీజిలులో ఒక శాతం. ఈ అంకె కన్నా అది నెలనెలా పెరుగుతోందా లేదా అన్నదే ఎక్కువ చెబుతుంది. ఒక్కోసారి గేజి కూడా మోసం చేస్తుంది. పంపు నుంచో ఇంజెక్టరు నుంచో డీజిలు చాంబరులోకి కారితే మట్టం తగ్గదు సరికదా, పెరుగుతుంది కూడా. ఆయిలు పల్చబడి డీజిలు వాసన వేస్తే అనుమానం అటు పోవాలి.

తర్వాత చూడాల్సింది బయటి కారుడు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకో చుక్క చొప్పున పది గంటల్లో పోయేది 1.8 లీటర్లు. బండి ఆగాక కారుడు కూడా ఆగిపోతే కింద మరక ఉండదు. ఇంజనును కడిగి, కొంత దూరం నడిపి, ట్యాపెట్ కవరు అంచులు, ఫిల్టరు, క్లచ్ హౌసింగు అడుగు చూడాలి. క్లచ్ కింద చుక్క కనిపిస్తే క్రాంకు వెనక సీలు పోయి ఉండవచ్చు.

చాలామంది మరిచే దారి ఇంకొకటి ఉంది. బ్రేకులకు గాలి పట్టే కంప్రెసరు కూడా ఇంజను ఆయిలుతోనే నడుస్తుంది. గాలి ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ తెరిచి, ఎదురుగా తెల్ల కాగితం పెడితే చాలు. వట్టి నీటి తుంపరలు పడితే సరే. నల్లటి జిడ్డు చిమ్మితే కంప్రెసరు రింగులు అరిగాయని అర్థం. ఇంత చౌకైన పరీక్ష చేయకుండా పెద్ద ఇంజను విప్పించడం శుద్ధ దండగ. టర్బో ఉన్న బండిలో గాలి గొట్టం లోపల కూడా ఆయిలు అంటుతోందేమో వేలు పెట్టి చూడాలి. రేడియేటరు నీళ్ళ మీద ఆయిలు తెట్టు కడితే తప్పు ఆయిలు కూలరుది కావచ్చు, గాస్కెట్‌ది కూడా కావచ్చు.

ఇవన్నీ బాగుంటే ఆయిలు లోపలే కాలుతోందన్నమాట. కాలిన ఆయిలు పొగ నీలంగా ఉంటుంది. అది ఎప్పుడు వస్తుందో గమనించాలి. రాత్రంతా నిలిపిన బండిని స్టార్టు చేయగానే కాసేపు వచ్చి పోతే, లేదా ఘాట్ రోడ్డులో యాక్సిలరేటరు వదిలేసి దిగి మళ్ళీ తొక్కినప్పుడు గుప్పున వస్తే, వాల్వు గైడ్ల మీద, సీళ్ళ మీద అనుమానపడాలి. లోడుతో ఎత్తెక్కుతున్నంతసేపూ వస్తే రింగులు, లైనర్లు అరిగినట్టు. అప్పుడు ఆయిలు పోసే మూత తీస్తే పొగ బుసకొడుతుంది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. అయితే బ్రీదరు గొట్టం పూడుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి ఆయిలు బయటికి తన్నుకొస్తుంది కనుక ముందు దాన్ని శుభ్రం చేసి చూడాలి.

రైల్వే డీజిలు షెడ్లలో లోపలి అరుగుదలను పసిగట్టడానికి స్పెక్ట్రోగ్రాఫ్ వాడతారు. లోకో ఆయిలు నమూనాలో ఇనుము, క్రోమియం పెరిగితే లైనర్లో రింగులో, రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నాయని విప్పకుండానే తెలుస్తుంది. సిలికాన్ కనిపిస్తే దుమ్ము దూరుతోందన్నమాట. లారీల వాళ్ళూ ఆయిలు నమూనాను ల్యాబుకు పంపించుకోవచ్చు గానీ, ఆ అలవాటు ఉన్నవారు తక్కువ.

చివరికి హెడ్డు దించాక లైనరు పైఅంచు దగ్గర గోరుతో గీరి చూస్తారు. పై రింగు వెనుదిరిగే చోట అరుగుదల ఎక్కువ కాబట్టి అక్కడ మెట్టు తగులుతుంది. రింగును లైనరులో సమంగా దించి దాని మూతి ఎడాన్ని ఫీలర్ గేజితో కొలుస్తారు. బోరు వ్యాసం 0.1 మిల్లీమీటరు పెరిగితే ఆ ఎడం 0.3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. చుట్టుకొలత వ్యాసానికి మూడింతలకు పైనే కదా.

మెట్టు పడ్డ లైనరులో కొత్త రింగులు మాత్రం వేసి సరిపెట్టడం తరచూ జరిగే పొరపాటు. అద్దంలా నున్నబడిన గోడ మీద కొత్త రింగు కూర్చోదు. అరుగుదల పరిమితి లోపల ఉంటే ఒకదాన్నొకటి ఖండించే సన్నగీతలు పడేలా హోనింగు చేయించాలి, దాటితే లైనర్లే మార్చాలి. తర్వాత బండిని ఐడిల్‌లో ఎక్కువసేపు ఉంచకుండా, మోస్తరు లోడుతో నడపాలి. మొదట్లో ఆయిలు కాస్త ఎక్కువే తాగుతుంది. రింగులు కూర్చునేకొద్దీ తగ్గి ఒకచోట నిలకడ పడుతుంది.