మందు కొడితే కళ్లెందుకు మసకబారతాయి?

తిరుమలాయపాలెం చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో పురుగుమందు కొట్టినవాళ్లకు ఒక్కోసారి కళ్లు మసకబారి, నోట్లో నీళ్లూరి, కండలు అదురుతాయి. ఎండదెబ్బ అని సరిపెట్టుకుంటారు గానీ, ఎండ ఒకేసారి కంటిపాపను సూదిమొనంత చేసి, నోట్లో నీళ్లూరించి, కండలు అదిరేలా చేయదు. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు చేస్తాయి. కండను కదిలించడానికి నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. పని కాగానే ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. మందు పోయి ఆ ఎంజైముకే అతుక్కుంటుంది. ఇక సంకేతం ఆగదు. ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి, ఊపిరాడించే కండరాలు చచ్చుబడితే ప్రాణం మీదికొస్తుంది. పురుగులోనూ దెబ్బతినేది ఈ ఎంజైమే.

"ఏళ్లుగా కొడుతున్నా, నాకేం కాలేదే" అనేవాళ్లుంటారు. అది మందు మంచితనం కాదు, మోతాదు తక్కువై బతికిపోవడం. ఎర్ర రక్తకణాల్లోనూ ఈ ఎంజైము ఉంటుంది. పాడైతే కొత్త కణాలు పుట్టేదాకా తిరిగి రాదు, కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. వరసగా కొడితే నష్టం పోగవుతుంది. మూతికి తువ్వాలు చుడితే చాలదా? చాలదు, పంపు కారి తడిసిన చొక్కాలోంచి, చర్మం గుండా కూడా మందు ఎక్కుతుంది. అందుకే మందు ఎక్కినవాళ్ల బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడిచ్చే అట్రోపిన్ ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోట్లలో కొన్నింటిని ముందే ఆక్రమిస్తుంది. తమాషా ఏమిటంటే, గట్ల మీది ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ ఉంది, అదీ విషమే. చెట్టు మందు కదా అని కాయ నూరి పోస్తే ఎంత ఎక్కిందో ఎవరికీ తెలియదు. డాక్టరు మాత్రం గుండె వేగం, ఊపిరి చప్పుడు చూస్తూ మోతాదు పెంచుతాడు.