సగటు దాచినది పటము చూపును

నూట ఏబది పూల రేకులను కొలిచి సగటు కట్టగా 3.76 సెంటీమీటర్లు వచ్చినది. కాని ఆ పూలలో మూడవ వంతు వాటికి రేకు పొడవు 2 సెంటీమీటర్లైనను లేదు! లెక్కలో తప్పు లేదు. వేర్వేరు జాతులను ఒకే రాశిగా పోయుటయే పొరపాటు.

ఇవి ఐరిస్ అను మొక్క పూలు. మూడు జాతులు, జాతికి 50 పూలు. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఎడ్గార్ ఆండర్సన్ సేకరించిన ఈ కొలతలను, బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ 1936లో తన వ్యాసమున ప్రకటించెను.

కంప్యూటరుపై పైథాన్ భాషలో ఇట్టి కొలతలకు పటములు గీయుటకు సీబార్న్ అను లైబ్రరీ కలదు. అడ్డముగా జాతి పేరును, నిలువుగా రేకు పొడవును ఉంచి ‘బాక్స్‌ప్లాట్’ అను ఆజ్ఞ నిచ్చినచో, జాతికొక పెట్టె చొప్పున మూడు పెట్టెలు ప్రక్కప్రక్కనే నిలుచును.

పెట్టెను చదువుట ఎట్లు? ఒక జాతి కొలతలను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా పేర్చినచో, నడుమ నిలుచు విలువ మధ్యగతము. పెట్టెలోని అడ్డుగీత అదియే. పెట్టెకు దిగువన పావు వంతు, ఎగువన పావు వంతు కొలతలుండును. తక్కిన సగము పెట్టెలో ఇమిడియుండును. పెట్టెకు పైనను క్రిందను గీతలు సాగును. పెట్టె ఎత్తుకు ఒకటిన్నర రెట్లకంటె దూరముననున్న కొలతలు విడి చుక్కలుగా కనబడును. చుక్క అనగా తప్పు అని కాదు. మరల పరిశీలింపవలెనను హెచ్చరిక మాత్రమే.

ఈ పటములో సెటోసా జాతి మధ్యగతము 1.5, వెర్సికలర్ 4.35, వర్జినికా 5.55 సెంటీమీటర్లు. సెటోసాలో మిక్కిలి పొడవైన రేకు 1.9, వెర్సికలర్‌లో మిక్కిలి పొట్టిది 3.0. ఈ రెంటి నడుమ ఒక్క పూవైనను లేదు. వెర్సికలర్, వర్జినికాలు మాత్రము కొంత మేర కలిసియున్నవి. 4.8 సెంటీమీటర్ల రేకు రెంటిలోను కలదు. కనుక ఆ ఒక్క కొలతతో జాతిని నిర్ణయింప వీలులేదు.

పెట్టెకును ఒక లోపమున్నది. 150 పూలకు కలిపి ఒకే పెట్టె గీసినచో అది 1.6 నుండి 5.1 వరకు సాగి, లోపలి ఖాళీని కప్పివేయును. అందుచేత ప్రతి కొలతకు ఒక చుక్క పెట్టు ‘స్ట్రిప్‌ప్లాట్’ను, కొలతలు దట్టమైనచోట వెడల్పగు ‘వయొలిన్‌ప్లాట్’ను కూడ గీసి చూడవలెను.

కంప్యూటరు లేని పాఠశాలలోను ఈ ప్రయోగము సాధ్యమే. మూడు రకముల చెట్ల ఆకులను ఇరువదేసి కొలిపించి, గ్రాఫు కాగితముపై రకమునకొక వరుసగా చుక్కలు పెట్టించిన చాలును. సగటు కట్టుటకు ముందే ఆ చుక్కలను చూచుట విద్యార్థులకు అలవాటు కావలెను.