పులికాట్ ఒడ్డున చిన్న ఆవం: మట్టి నేర్పిన పాఠం

శ్రీహరికోట అంటే అందరికీ 1971 నుంచి ఎగురుతున్న రాకెట్లే గుర్తొస్తాయి. ఇక్కడ సేద్యం చేసే మాకు మాత్రం ఇసుకే గుర్తొస్తుంది. సూళ్లూరుపేట నుంచి దీవికి పోయే దారిలో, పులికాట్ సరస్సుకు ఇవతల, మేం ముగ్గురు స్నేహితులం కలిసి రెండెకరాల్లో ప్రకృతి సేద్యం చేస్తున్నాం. మాకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ తర్వాత పోసిన నీళ్లు పోసినట్టే ఇసుకలోకి దిగిపోతాయి. ఎంత ఆచ్ఛాదన వేసినా ఏప్రిల్ వచ్చేసరికి జీడిమామిడి మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి.

అందుకే కుండ సేద్యం చేద్దామనుకున్నాం. కుండను మెడ దాకా మొక్క పక్కన పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. కుండ గోడలోంచి నీళ్లు కొంచెం కొంచెంగా ఊరి వేళ్లకు అందుతాయి. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి సేద్యపు పుస్తకంలోనే ఈ పద్ధతి ఉంది. మాకు 40 కుండలు కావాలి. బజారులో చూస్తే చాలావాటికి రంగు పూసేశారు, అవి నీళ్లు ఊరవు. మనమే కాల్చుకుందాం అన్నాడు మా వాడు ఒకడు.

ఆవం కట్టిన తీరు

లోపల మూడడుగుల వెడల్పుతో గుండ్రంగా కట్టాం. దాదాపు 300 ఇటుకలు పట్టాయి. సిమెంటు వాడలేదు, వేడికి అది విడిపోతుంది. బంకమట్టిలో వరి ఊక కలిపి తొక్కి, దాంతోనే పేర్చాం. కింద అడుగున్నర ఎత్తు మంట గది, ముందువైపు కట్టెలు తోయడానికి నోరు. గది మధ్యలో ఇటుకల దిమ్మె పెట్టి, దాని మీద నుంచి చుట్టూ గోడకు సందులు వదులుతూ ఇటుకలు పరిచాం. ఆ సందుల్లోంచే మంట పైకి పోతుంది. దాని మీద మూడడుగుల గోడ. ఇనుప చువ్వలు వేయకండి, ఎర్రగా కాలితే వంగిపోతాయి.

సారె తిప్పడం మాకెవరికీ రాదు. బేసిన్ బోర్లించి, గుడ్డ పరిచి, మట్టిని రొట్టెలా అద్ది గిన్నెలు చేశాం. రెండేసి గిన్నెల అంచులు కలిపి కుండ చేసి, మెడ పెట్టాం. పది రోజులు నీడలో ఆరబెట్టాం.

మొదటి కాల్పు

24 కుండలు పేర్చాం. మొదటి మూడు గంటలు పిడకలతో సన్నమంట. పైన స్టీలు పళ్లెం ఒక్క క్షణం పట్టి చూడండి. దానికి చెమ్మ పడుతుంటే కుండల్లో తడి ఇంకా ఉన్నట్టే, మంట పెంచితే పగిలిపోతాయి. చెమ్మ ఆగాక సరుగుడు కొమ్మలు వేశాం. ఇంకో నాలుగు గంటలకు లోపల కుండలు నిప్పుల్లా ఎర్రబడ్డాయి (ఆ రంగు వీడియోలో బాగా కనిపిస్తుంది). నోరు మూసేసి మర్నాటిదాకా ముట్టుకోలేదు.

తీస్తే ఒక్కటే పగిలింది. మా సంబరం అంతా ఇంతా కాదు. 23 కుండలూ పాతేశాం. పది రోజులు తిరిగేలోపు 15 కుండలు పాడైపోయాయి. గోడల మీద పొక్కుల్లా లేచి పెచ్చులు ఊడుతున్నాయి, ప్రతి పెచ్చు కిందా తెల్లటి చుక్క.

పక్క ఊళ్లో ఆవం పెట్టడం మానేసిన పెద్దాయన ఒకరున్నారు. పెచ్చు తీసుకెళ్లి చూపించాం. గోటితో గీకి చూసి నవ్వారు. “మట్టి యాడిది అబ్బయ్యా?”

“మా పొలంలో గుంట తవ్వాం తాతా, అందులోదే.”

“అదీ సంగతి. సరస్సు పక్క మట్టిలో గుల్లలుంటాయి. మీరు కాల్చింది కుండలు గాదు, గుల్ల సున్నం!”

నిజమే. పులికాట్ గుల్లల్ని కాల్చి సున్నం చేయడం ఈ ప్రాంతంలో పాత పనే. నలిగిన గుల్ల ముక్కలు గట్టి వేడికి మట్టిలోనే సున్నమైపోతాయి. తడి తగలగానే ఆ సున్నం ఉబ్బి గోడను పగలగొడుతుంది. మేం చేసిందేమో సరిగ్గా తడిలో పాతడం! కుండల సంగతి అలా ఉంచితే, వాటిని నమ్ముకుని నీళ్లు పోయడం మానేసిన ఆరు మొక్కలు ఎండిపోయాయి. అది మా తొందరపాటే.

రెండోసారి

ఈసారి పంచాయతీని అడిగి, సరస్సుకు దూరంగా ఉన్న ఊరి చెరువు పూడిక మట్టి తెచ్చాం. పెద్దాయన చెప్పినట్టు నీళ్లలో కలిపి గుడ్డలో వడగట్టాం. పాడైన కుండల పెంకులే పైన కప్పుగా పేర్చాం. మళ్లీ 24 పెడితే 21 బాగా వచ్చాయి. నీళ్లు నింపిన గంటకు బయటంతా సమంగా చెమ్మగిల్లింది. వాటిని పాతి, పొక్కులు లేవడం లేదని తేలేదాకా మొక్కలకు విడిగా కూడా నీళ్లు పోశాం. ఇప్పుడు కుండ నీళ్లతోనే నిలబడ్డాయి. మిగతా కుండలకు ఇంకో కాల్పు ఉంది.

మీరు మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి. ఎండిన మట్టిని పొడి చేసి, దాని మీద వెనిగర్ పోయండి. నురగ వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్టే, ఆ మట్టి వద్దు. ఆవం ఎవరైనా రెండు రోజుల్లో కట్టొచ్చు. మట్టి సంగతి మాత్రం ముందుగా మీ ఊరి కుమ్మరినే అడగండి. మేం అడగకుండా దిగాం, ఆరు మొక్కలు పోగొట్టుకున్నాం.