హిజ్లీ మెట్ట, గుగ్గిలం మోడు

ఎత్తయిన పచ్చికబయలు అనగానే లదాఖ్‌లోని చాంగ్‌తాంగ్ గుర్తొస్తుంది. నాలుగు వేల మీటర్లు దాటాక అక్కడి చలికి చెట్టు నిలవదు, గడ్డే దిక్కు. ఆ గడ్డి మీదే పష్మీనా మేకలు బతుకుతాయి. మనకు దాపులో కావాలంటే శ్రీకాకుళం సరిహద్దు దాటగానే 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. ఖరగ్‌పూర్ పక్కనున్న హిజ్లీకి ఆ భాగ్యం లేదు, సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తయినా ఉండదు. అయినా బెంగాలీలు ఇలాంటి నేలను ‘డాంగా’ అంటారు, మన మాటలో మెట్ట. డెల్టాలో పుట్టినవాళ్లకు పది మీటర్లు ఎక్కితే అదే కొండ.

ఆ పది మీటర్లను తేలిగ్గా తీసెయ్యకూడదు. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి తూర్పుకు జారి, గంగ ఒండ్రులో కలిసిపోయే అంచు ఇది. ఉత్తరాన కాసాయి నది పొంగితే పల్లం మునుగుతుంది, మెట్ట మునగదు. పైగా నేల గట్టిది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పెద్ద జంక్షనూ వర్క్‌షాపూ కట్టింది. ఆ కొలువుల కోసమే మన ఉత్తరాంధ్ర కుటుంబాలు తరలివెళ్లాయి. హిజ్లీలో 1930లో బ్రిటిష్‌వాళ్ల నిర్బంధ శిబిరం వచ్చింది, 1951లో అదే భవనంలో ఐఐటీ మొదలైంది. జైలుకైనా చదువుకైనా గోడలు గట్టిగా ఉంటే చాలనుకున్నారేమో.

ఇక్కడి మొరం గడ్డ ఒకటి తీసి పగలగొట్టి చూడండి. పైన ఇనుప తుప్పు రంగు పెంకు, లోపల ఎరుపూ పసుపూ చారలు, మధ్యలో బొరియలు, వాటిలో తెల్లని బంకమట్టి. లక్షల ఏళ్లుగా వానాకాలం రాతిలోని సిలికానూ సున్నాన్నీ కడుక్కుపోతే, ఎండాకాలం ఇనుమునూ అల్యూమినియాన్నీ బిగించింది. నేలలో ఉన్నప్పుడు గునపానికి లొంగుతుంది, గాలి తగిలాక రాయవుతుంది, మళ్లీ మెత్తబడదు.

అందుకే ఈ ఊరి వాతావరణం లెక్కల్లో ఒకలా, నేల మీద మరోలా ఉంటుంది. ఏటా 1,400 మిల్లీమీటర్లకు పైగా వాన, అంటే అనంతపురానికి రెండింతలు మించి. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది, పెంకు మీద పడి పారిపోతుంది. గడ్‌బేతా దగ్గర గన్‌గనిలో శిలాబతి ఒడ్డున ఆ నీరు ఎర్రనేలను లోయలుగా కోసిన తీరు చూడవచ్చు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలబైశాఖి గాలివాన వచ్చి దుమ్మంతా లేపి, చల్లబరిచానన్న పేరు కొట్టేసి పోతుంది.

ఇంత పీనాసి నేలకు తగ్గ చెట్టు సాలం. మన ఏజెన్సీలో గుగ్గిలం చెట్టంటే తెలియనివాళ్లుండరు. దానికి తోడు ఇప్ప, తునికి, మోదుగ, మద్ది. సాలం గింజ వ్యవహారం విచిత్రం. జూన్‌లో పండి రాలుతుంది, మొలకెత్తే శక్తి కొద్ది రోజులే. రుతుపవనం వారం పది రోజులు ఆలస్యమైతే ఆ ఏటి పంటంతా మట్టిపాలు. ఇంత జూదం మీద అడవి నిలిచేది కాదు. కానీ నరికితే మోడు నుంచి చిగుళ్లు గుత్తులుగా లేస్తాయి. కింద పాత వేరు ఉంది కాబట్టి నీళ్లకు వెతుక్కోనక్కర్లేదు. ఈ అడవికి అసలు పెట్టుబడి వేరే, గింజ కాదు.

రైలు వచ్చాక ఆ పెట్టుబడికే గండి పడింది. స్లీపర్లకు సాలం దుంగలు కావాలి, అడవులు జమీందారీల చేతిలో ఉన్నాయి, అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ తొందరే. చిగురు లేచిన చోటల్లా మళ్లీ నరకడం, పశువులు మేయడం, ఎండుటాకులకు నిప్పు పెట్టడం. చివరికి మిగిలినది పొదలూ గడ్డీ. అంటే చాంగ్‌తాంగ్ గడ్డి చలి చేసినది, ఇక్కడి గడ్డిలో చాలా భాగం గొడ్డలి చేసినది. బట్టలకు పట్టుకుని వదలని చోర్‌కాంటా గడ్డి ఇలాంటి తొక్కుడు నేలకు సొంతదారు. ఇంకా పడమరకు వెళ్తే తాళ్లు పేనే సబాయి గడ్డి కనిపిస్తుంది.

1972 ప్రాంతంలో మిడ్నాపూర్‌కు ఉత్తరాన ఆరాబారీలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి ఒక ఒప్పందం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1,272 హెక్టార్ల అడవిని కాపాడాలి, కలప అమ్మకంలో నాలుగో వంతు వాళ్లది. మోళ్లు ఎలాగూ ఉన్నాయి కదా, వాటిని వదిలేస్తే చాలు, సాలం తిరిగి వచ్చింది. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి అది నమూనా అయింది.

మరోపక్క ఖాళీ కనబడిన మెట్ట మీదల్లా యూకలిప్టస్, ఆకాశ్‌మణి అనే చెట్లు నాటారు. త్వరగా పెరుగుతాయి, పచ్చగా కనబడతాయి, ఫొటోకు బాగుంటాయి. కానీ సాలం ఆకు విస్తరి కుట్టే ఆడవాళ్లకు ఆకాశ్‌మణి ఆకు విస్తరికి పనికిరాదు, పశువు దాన్ని ముట్టదు. మోడు బతికున్న చోట మొక్క నాటడం దండగ. ముందు వేరు ఉందో లేదో తవ్వి చూడాలి.